జీతం లేని డ్యూటీ

మా సంఘం పెద్దన్న పోయిన బుధవారం సైట్‌కు వెళ్తూ బస్సులోనే కన్నుమూశారు. నిద్రపోతున్నారనుకుని పక్క సీటువాళ్లు దిగేదాకా లేపలేదట.

ఇక్కడ ఒమాన్‌లో, రుస్తాఖ్ ఊరి చుట్టుపక్కల పనిచేసే మా జిల్లాలవాళ్లలో ఎవరు చనిపోయినా, కాగితాలు చేయించి శవాన్ని ఇంటికి పంపే పని ఆయనదే. జీతం లేదు. ఆఫీసుకు వెళ్లే రోజు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకునేవారు. చనిపోయినవాడి తండ్రి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాశానా లేదా అని మూడుసార్లు చూసుకునేవారు. మేమంతా బాడీ అంటాం, ఆయన ఒప్పుకునేవారు కాదు.

"బాడీ ఏందిరా? మొన్నటిదాక మనతోని తిన్న మనిషి."

చిక్కొకటుండేది. మాకు సెలవు శుక్రవారమొక్కటే, ఆ రోజు ఆఫీసులూ మూతే. అందుకని ప్రతిసారీ ఆయన డ్యూటీ మాని, ఆ రోజుల జీతం పోగొట్టుకుని తిరగాలి. ఫోర్‌మన్ వదలకపోతే చనిపోయినవాడు మార్చురీలో ఆగాలి.

రెండేళ్ల కిందట మీటింగులో ఆయనే అడిగారు. "నాకు కాకుంటె ఇంకెవలికన్న ఇయ్యుండ్రి. గని ఈ పనికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుండ్రి."

లేచి అడ్డం పడింది నేనే. "జీతం తీసుకుంటె అది డ్యూటీ అయితది గని సేవ ఎట్లయితది అన్నా?" అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

"డ్యూటీ అయితెనే గద తమ్మీ, సెలవు అడగకుంట తెల్లారంగనే పోవచ్చు," అని ఆయన కూర్చున్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నా మీద కోపమూ పెట్టుకోలేదు.

ఆయన పోయిన మర్నాడు మాలో ఒక్కరికీ సెలవు దొరకలేదు. శుక్ర, శనివారాలు ఆఫీసులు మూత. ఊరి నుంచి వదిన ఫోన్ చేసి, "మీ అన్నను ఎప్పుడు పంపుతరు తమ్మీ?" అని అడిగింది. అంతమందిని ఇళ్లకు చేర్చిన మనిషి అన్ని రోజులు ఆగాల్సి వచ్చింది. నాటి చప్పట్లు తలుచుకుంటే సిగ్గేసింది. తప్పు నాదే. వచ్చే మీటింగులో ఆయన మాటే నేను ఎత్తుతాను, ఎవరూ చప్పట్లు కొట్టకపోయినా సరే.

ఆదివారం జీతం కోతకు ఒప్పుకుని, ఆయన ఎప్పుడూ తీసుకెళ్లే ఫైలు పట్టుకుని నేనే వెళ్లాను. తండ్రి పేరు మూడుసార్లు చూసుకున్నాను. కౌంటర్‌లోని ఒమానీ గుమస్తా ఫైలును గుర్తుపట్టి, మీ పెద్దాయన రాలేదా అని హిందీలో అడిగాడు. నేను కాగితం ముందుకు జరిపి, పేరు కింద వేలు పెట్టాను. అతను చదివాడు. ఎత్తిన స్టాంపు చేతిలో అలాగే ఉండిపోయింది.