రేపొస్తానని చెప్పే మనిషి

మా ఆళ్లగడ్డలో చావింటికి పోయినోళ్లు లేచేటప్పుడు 'పోయొస్తా' అనరు. గమ్మున లేచి పోతారు, అంతే. 'మల్లా వస్తా' అంటే ఇంగో చావును పిలిచినట్టని భయం. ఈ పద్ధతిని ఊరంతట్లో కాదన్నది ఒక్క మహానందమ్మత్తే. ఎంత గుండె ధైర్యం ఆ మనిషికి!

ఆమెది సేద్యం చేసే ఇల్లు. ఒక్కగానొక్క కొడుకు హరీష్ కె.సి. కాలవలో ఈతకు పోయి మునిగిపోయినాడు. కర్మ అయ్యేదాకా ఇంటినిండా జనం. ఆ తర్వాత ఒక్కరన్నా తొంగి చూసింటే ఒట్టు. "అందరూ గమ్మున లేచి పాయిరి. ఇంగ ఎవురూ రారని నాకు తెలిసిపాయె" అని ఒకసారి నాతో చెప్పి కండ్లు తుడుచుకునింది. ఆమె తేరుకునేదానికి ఏండ్లు పట్టింది. తేరుకున్నాక యాడ చావైనా పోయి కూర్చుంటాది, లేచేటప్పుడు గట్టిగా 'రేపొస్తా' అంటాది. చెప్పినట్టే పోతాది. ఎన్ని తిట్లు తినిందో! ఆమెకేం లెక్క?

నన్ను నంద్యాలకిచ్చినారు. మా తమ్ముడు ఫణీంద్రది ఆళ్లగడ్డలో కిరాణా అంగడి. పోయిన ఎండాకాలం భార్య చందనను బండి మీద ఎక్కించుకోని మా ఇంటి నుంచి పోతాంటే లారీ తగిలింది. చందన ఆడనే పాయె. వానికి చెయ్యి విరిగింది. చెయ్యి అతుక్కునింది గానీ వాడు అంగడి తీయలేదు, గడప దాటలేదు, నోరు విప్పలేదు. ఏం చేసుకుంటాడోనని మా నాయన హనుమంతయ్య వాని గదికి లోపలి గడియ పీకించినాడు. నేను నంద్యాలలో కాపురమొదిలి ఈడ పుట్టింట్లోనే ఉండిపోతి.

మహానందమ్మత్త వచ్చింది. లేస్తా 'రేపొస్తా' అనింది. మా నాయనకు మండింది.

"ఏందమ్మా, మా ఇంట్లో ఇంగొకరు పోవాల్నా?"

"పోకూడదనే వస్తాండాన్నా" అనింది, అంతే పెడసరంగా.

దినామూ వచ్చేది. వాని పక్కన కూర్చోని చింతపండు గింజ తీసేది. నాకు ఒళ్లు మండి, "నాలుగు మంచి మాటలన్నా చెప్పగూడదా అత్తా?" అంటి. "నాకు శానామంది చెప్పినారులే. ఒక్కటీ తలకెక్కలే" అనింది.

ఆ రోజుల్లోనే యూనివర్సిటీ నుంచి దివ్యశ్రీ అనే పిల్ల అత్తతో మాట్లాడను మా ఇంటికే వచ్చింది. పెద్ద దెబ్బలు తిన్నోళ్ల మనసు మీద పరిశోధనంట. "ఇంతకుముందు ఎక్కువగా దెబ్బ తర్వాత వచ్చే బాధనే చూసేవాళ్లు. ఇప్పుడు మనిషిలో ఏమన్నా ఎదిగిందా అని కూడా చూస్తున్నారు" అనింది.

నేను ఊరుకుంటానా? "బిడ్డ పోతే ఎదుగుతారా తల్లీ? ఇదేం చదువు!"

ఆ పిల్ల నొచ్చుకోలే. "దెబ్బ మంచిదని కాదక్కా. దాంతో పెనుగులాడేటప్పుడు కొందరిలో వచ్చే మార్పు అది. అట్లని బాధ పోదు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి."

అత్త గింజ తీసేది ఆపింది. "అయితే నేనింకా ఏడుస్తాండేది తప్పు గాదా?"

"కాదు పెద్దమ్మా."

ఊరందరి ఏడుపూ మోసే మనిషి తన ఏడుపు దాచుకుంటాందని ఎవురికి తెలుసు?

ఒకనాడు అత్త రాలేదు. ఫణి మధ్యాన్నం దాకా వాకిలి దిక్కే చూసినాడు. ఉన్నట్టుండి లేచి చెప్పులేసుకున్నాడు. మా నాయన "యాడికిరా?" అని అరుస్తాండాడు, వాడు వినలే. నేను వాని వెనకాలే పరిగెత్తితి.

నేరుగా అత్త ఇంటికే పోయినాడు. ఆపొద్దు హరీష్ పుట్టినరోజంట. వాని చొక్కా ఒళ్లో పెట్టుకోని అత్త మొగమంతా వాచేట్టు ఏడుస్తాంది. మమ్మల్ని చూసి కండ్లు తుడుచుకోను గూడా లేదు.

"నువ్వింకా ఏడుస్తావా అత్తా?" అన్యాడు ఫణి. ఎన్నాళ్లకు విన్నానో ఆ గొంతు!

"ఏడుస్తా నాయనా. సచ్చేదాకా ఏడుస్తా. పొద్దున లేచి అన్నమూ వండుతా."

వాడు కుప్పగా కూలబడినాడు. "బండి నడిపింది నేనే అత్తా."

నీ తప్పేం లేదని మేమందరం వానికి చెప్పి చెప్పి అలిసిపోయినోళ్లమే. ఆమె ఆ మాట అనలే.

"తెలుసు నాయనా" అని పక్కకు జరిగి చోటిచ్చింది.

వాడు ఆమె భుజం మీద తల పెట్టి బావురుమన్యాడు. చందన పోయినాక ఏడ్చింది అదే మొదలు. నేను వాకిట్లోనే నిలబడి మా నాయనకు ఫోన్ చేస్తి. "నాయనా, వాడు ఏడుస్తాండాడు" అంటి. అవతల మా నాయన గూడా ఏడ్చినాడు, సంతోషంతో.