హెడ్ సాబు బిడ్డ ఉరికిన ఐతారం

హెడ్ కానిస్టేబుల్ సర్వర్ నోరు తెరిస్తే గోదావరిఖని బాయిల్లో బొగ్గు దానంతటదే రాలిపడేదట. ఇందులో సగమన్నా నిజమే. చౌరస్తాలో నిలబడి ఆయనొక తిట్టు తిట్టాడంటే బసంత్‌నగర్ సిమెంటు లారీలు దారిలోనే బ్రేకు వేసేవి. అయినా తొంభై ఆరులో వచ్చిన కోపం ముందు ఆ పాత కోపాలన్నీ పాలుతాగే పిల్లలు.

ఆయనకు ఒక బిడ్డ, ఆసియా. పదహారేళ్లు వచ్చాయి గానీ బుద్ధి వయసుతో పాటు ఎదగలేదు. కుడి ఏదో ఎడమ ఏదో ఇప్పటికీ తికమకే. కాళ్ల సంగతి వేరు. ఆసియా ఉరికితే ఆమె నీడ వెనకబడి, పొద్దు గూకేసరికి ఇల్లు చేరేది. ఆట నేర్పిన మేడం చెప్పిన ఒక్క మాట ఆ పిల్ల బుర్రలో బలంగా నాటుకుంది: సున్నం గీత దాటేదాకా ఎవ్వరూ ఆగొద్దు.

బజారులో మాత్రం ఆమెకు పేరు లేదు. "సర్వర్ సాబు పిస్స పిల్ల", అంతే. మొహం మీద అనే మొనగాడు ఎవడున్నాడు? ఆయన దాటిపోయాక అనేవారు. ఆయన దాటేవాడు గానీ ఆయన చెవులు అక్కడే ఉండేవి.

ఆ ఏడు ఇలాంటి పిల్లల ఆటల పోటీల కోసం పోలీసులే కాగడా పట్టుకుని ఊళ్లో ఉరకాలని, చందాలు పోగుచేసి ఈ పిల్లల సంగతి నలుగురికీ చెప్పాలని పైనుంచి కబురు వచ్చింది. ఇష్టమున్నవాళ్లే పేరివ్వాలి. అందరికంటే ముందు సర్వర్ ఇచ్చాడు. కాగడా పట్టి గ్రౌండులోని సున్నం గీత దాకా ముందు ఉరికేది ఆసియా. ఈ ఊరు తన బిడ్డను ఒక్కసారి పేరు పెట్టి పిలవాలి. ఆయనకు కావలసింది అదొక్కటే.

చందా డబ్బాతో మొదట రాయమల్లు చాయ్ హోటలుకు పోయాడు. రాయమల్లు కంటే ముందు అతని పొట్ట గిరాకీలను పలకరించేది. ఖాకీ కనబడగానే గల్లాపెట్టె తీసి, నోటు మడిచి సర్వర్ గుప్పిట్లో పెట్టాడు.

"ఏందిరా ఇది?"

"గదే సాబ్, ఎప్పుడిచ్చేదే. ఈ నెల జర జల్దొచ్చిండ్రు."

"మామూలు కాదురా! పిల్లల ఆటలకు చందా. ఏ పిల్లలని అడుగవా?"

"మాకెందుకు సాబ్? మీరు దేనికంటే దానికే."

"అడుగుమంటున్న!"

"తక్కువైందా సాబ్?" అని ఇంకో నోటు తీశాడు.

సర్వర్ మొహం పొయ్యిలో బొగ్గులా ఎర్రబడింది. రశీదు చింపి బల్ల మీద కొట్టాడు. "ఐతారం పొద్దుగాల నా బిడ్డ ఆసియా ఉరుకుతది. నువ్వు బయట నిలబడి చప్పట్లు కొట్టాలె. సమజైందా?"

రాయమల్లుకు సమజైంది వేరు. ఆదివారం పోలీసులు ఎవరి వెంటో పడబోతున్నారు! ఆ రోజుల్లో ఆ ఊళ్లో పోలీసు ఉరికితే ఎందుకని ఎవడూ అడగడు. ముందు షట్టరు దించుతాడు, ఆ తర్వాత దేవుణ్ని తలుచుకుంటాడు.

బట్టల దుకాణమైనా సైకిల్ షాపైనా అదే వరస. డబ్బా నిండుతున్నకొద్దీ సర్వర్ మండిపోయాడు. ఇంటికొచ్చి డబ్బాను గోడకు విసరబోతే భార్య లతీఫున్నీసా పట్టుకుంది. "ఇన్నేండ్లు గీ చేతితోనే తీసుకుంటిరి. ఇయ్యాల గదే చెయ్యి చాపి ఇది వేరే అంటే ఎవలు నమ్ముతరు?"

ఆ మాట నిజమని ఆయనకూ తెలుసు. అందుకు ఇంకా కోపం వచ్చింది.

ఆదివారం పొద్దున. రాత్రి షిఫ్టు దిగిన కార్మికులు రాయమల్లు హోటల్లో చాయ్ తాగుతున్నారు. మలుపు తిరిగి తెల్ల బనీన్లు, ఖాకీ నిక్కర్లతో పోలీసుల దండు ఉరుకుతూ వచ్చింది. ముందు కాగడా.

"వామ్మో, నిప్పు గూడ తెచ్చిండ్రు!" అని ఎవడో అరిచాడు.

అంతే! గ్లాసులు కింద పడేలోపు మనుషులు మాయం. బజారంతా ముందు, పోలీసులు వెనక. ఏ తప్పూ చేయనివాళ్లే ఇంకా గట్టిగా ఉరికారు.

"ఆగుండ్రి! మిమ్ముల పట్టుకోను రాలేదురా, చప్పట్లు కొట్టుండ్రి!" సర్వర్ అరిచినకొద్దీ వాళ్లు రెట్టింపు ఉరికారు.

ఆసియాకు మాత్రం పండుగే. తనతో పోటీకి ఊరంతా వచ్చిందనుకుంది. కాగడా తండ్రి చేతికిచ్చి కేక వేసింది. కార్మికులను దాటింది, సైకిళ్లను దాటింది, మంథని బస్సును కూడా దాటిందని ఆ డ్రైవరే ఒప్పుకున్నాడు. అందరినీ దాటాక వెనక్కి చూస్తే కల్వర్టు మీద రాయమల్లు కూలబడి ఉన్నాడు. తిరిగొచ్చి చెయ్యి పట్టింది.

"లే కాకా. గీత దాటాలె."

"నేనేం జెయ్యలేదు బిడ్డా!"

"గీత దాటాలె!"

ఆ మనిషినీ ఆ పొట్టనూ కలిపి గ్రౌండు దాకా ఈడ్చుకుపోయింది. పారిపోతున్నవాళ్లు ఒక్కొక్కరే ఆగారు, చూశారు, వెంట నడిచారు.

"ఇడువు ఆసియా! పానం పోతున్నది ఆసియా! సాబ్, ఆసియాకు జర చెప్పుండ్రి!"

కాగడాతో రొప్పుతూ వచ్చిన సర్వర్ ఆ పేరు విన్నాడు. చెప్పలేదు. గీత దాటేదాకా అననిచ్చాడు.

జనం నవ్వారు, ఆ తర్వాత చప్పట్లు కొట్టారు. సర్వర్ భగ్గుమన్నాడు. "ఇప్పుడా కొట్టేది? ఉరికేటప్పుడు కొట్టాలె! బుద్ధి ఉన్నదా ఒక్కనికన్న?"

సున్నంలో వెల్లకిలా పడిన రాయమల్లు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇంతకూ గా చందా ఏ పిల్లలకు సాబ్?"

"గల్లాపెట్టె కాడ అడిగితే ఏం రోగంరా నీకు!" అని సర్వర్ గ్రౌండు అదిరేలా అరిచాడు. ఆ తర్వాత కాగడాను ఆసియా చేతికిచ్చి, సున్నం గీత మీదే రాయమల్లు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"అడిగితివి గద. ఇప్పుడు ఇను."