పాప ఫిలిములు మూటలో వేసింది నేనే

"వాడొచ్చినాడా?" అన్నాడు మా ఆయన.

"రాలేదు మామా. నువ్వు పండుకో" అన్నాను నేను.

మేమిద్దరం ఆఖరుగా మాట్లాడుకున్న మాటలు ఇవే. ఆయన కళ్లు మూసుకున్నాడు. పొద్దు వాలేలోగా పోయాడు.

వాడు అంటే ఆయన తమ్ముడు, నా మరిది. వచ్చాడు. జమ్మలమడుగులో తొలి బస్సు ఎక్కి కడపకు వచ్చి, ఆసుపత్రిలో ఆ గది తలుపు బయట గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. తలుపు తీస్తే అన్న కంట పడేంత దూరం. లోపలికి రావద్దన్నది నేనే. మీ అన్న నిన్ను చూడనంటున్నాడు అని వాడికి చెప్పాను. లోపలికి పోయి, రాలేదని ఈయనకు చెప్పాను. తలుపుకు అటొక అబద్ధం, ఇటొక అబద్ధం. మధ్యలో నేను.

ఎందుకు చెప్పాను? ఇద్దరూ ఒక మాట మాట్లాడుకుంటే నా సంగతి బయటపడుతుందని. మనిషి పోతున్నాడని తెలిసి కూడా నా సంగతే చూసుకున్నాను. ఆ బరువుతో లేస్తున్నాను, ఆ బరువుతో పడుకుంటున్నాను. ఆయన పోయి కొన్నేళ్లే అయింది గాని, బరువు అంతకంటే చాలా పాతది. దాన్ని దించాలంటే వెనక్కి పోవాలి.

నాకు చదువు లేదు. చాపాడు దగ్గర పల్లెలో మా నాయనకు గొర్రెలుండేవి, నేను వాటి వెంట తిరిగాను. సంతకం ఒకటి మా ఆయన నేర్పించాడు. అందుకని నేను చెబుతుంటే రాస్తున్నది మా మరిది కూతురు. టీచరమ్మ. ఏం రాయాలో ముందుగా చెప్పకుండా పిలిపించాను. చెప్పి ఉంటే వచ్చేదో లేదో. రాసిపెట్టేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. కానీ ఏ ఇంటిని దెబ్బ కొట్టానో ఆ ఇంటి బిడ్డే ముందు వినాలనిపించింది. అది కూడా తప్పేనేమో. రాస్తాండావా అమ్మీ? రాయి. చదివేవాళ్లు ఎవరైనా కానీ, మీకు నా పేరు అక్కరలేదు. పక్కన కూర్చుని విన్నట్టు వినండి, చాలు.

మా ఆయన ఫోటోలు తీసేవాడు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులో స్టూడియో. పెళ్లిళ్లు తీశాడు, బడిపిల్లల గ్రూపులు తీశాడు. ప్రాణం మాత్రం మనిషి మొగం మీదే. మొదట్లో ఆయన తీసినవి నాకే నచ్చేవి కావు. అందరూ పోలీసు ముందర నిలబడినట్టు ఉండేవాళ్లు. రానురాను నేర్చుకున్నాడు, ఎవరూ నేర్పకుండానే. కిటికీకి తెల్లపంచె కట్టి వెలుతురును మెత్తగా లోపలికి రానిచ్చేవాడు. వచ్చినవాళ్లు బిగుసుకుని కూర్చుంటే కెమెరా ముట్టేవాడే కాదు. వానల గురించి, శనగ పంట గురించి మాట్లాడేవాడు. "నవ్వప్పా, నీ పండ్లు నేనేం పీక్కోనులే" అనేవాడు. ఆ మనిషి తనను తాను మరిచిపోయి ఊపిరి వదిలినప్పుడు నొక్కేవాడు. అట్లాంటి ఫోటో చూసుకుని, నేను ఇట్లుంటానా అని ఆడవాళ్లు సిగ్గుపడటం నేను చూశాను.

ఆ రోజుల్లో పల్లెల్లో ముసలివాళ్లకు ఫోటోలు ఉండేవి కావు. మనిషి పోయాక శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఆయనకు కబురు పెట్టేవాళ్లు. ఆయన పోయి తీసి, డార్క్ రూములో కూర్చుని, ఆ మూసిన కళ్లను సన్న బ్రష్షుతో తెరిచినట్టు గీసేవాడు. ఇంటివాళ్లు చూసి, మా నాయన మమ్మల్నే చూస్తున్నాడని ఏడ్చేవాళ్లు. ఆ రోజు ఈయనకు అన్నం దిగేది కాదు. అందుకే ఆదివారాలు తమ్ముణ్ని వెంటేసుకుని చాపాడు, ఖాజీపేట పక్క పల్లెలు తిరిగి, ముసలివాళ్లకు ఊరికే ఫోటోలు తీసి పటాలు కట్టించి ఇచ్చేవాడు. బతికుండగానే కళ్లు తెరిచిన ఫోటో ఒకటి మనిషికి ఉండాలి అనేవాడు. తమ్ముడు తెల్లపంచె రెండు చేతులా ఎత్తి పట్టుకునేవాడు. ఈయన తీసేవాడు.

మాకు ఒక్కతే పాప. ఆరేళ్లప్పుడు జ్వరంతో పోయింది. కడపకు తీసుకుపోతుంటే బస్సులో, నా మరిది ఒళ్లో. చెన్నూరు దగ్గర పాప చెయ్యి చల్లబడిందంట. వాడు నాకు చెప్పలేదు. దుప్పటి కప్పి, నిద్రపోతాంది వదినా అంటూ కడపలో దిగేదాకా తీసుకొచ్చాడు. ఆ దారి పొడుగునా నేను తల్లిగానే ఉన్నానంటే వాడి పుణ్యమే.

పోయిన బిడ్డ బొమ్మ ఇంట్లో ఉంటే తల్లి కడుపు మళ్లీ పండదని మా అత్త పాప గుడ్డలతో పాటు ఫోటోలన్నీ పెన్నలో కలిపింది. ఫిలిములు స్టూడియోలో ఉన్నాయి కాబట్టి మిగిలాయి. వాటిని ఆయన ఒక రేకు డబ్బాలో పెట్టి డార్క్ రూము అటక మీద దాచాడు. మాకు మళ్లీ పిల్లలు పుట్టలేదు.

మరుసటి ఏడు పాప పుట్టినరోజుకు ఆయన ఆ ఫిలింతో పలచగా ఒక ఫోటో వేశాడు. దాని మీద పెన్సిలుతో, బ్రష్షుతో పాపను ఒక ఏడు పెంచాడు. జడ కొంచెం పొడుగైంది. ఊడిన పన్ను వచ్చింది. శవాలకు కళ్లు తెరిచిన చెయ్యే కదా అది. నేను కూలబడి ఏడ్చాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకున్నాడు. అప్పుడే వద్దని ఉంటే? అనలేదు. ఏటేటా పాప పెరిగింది. ఓణీ వేసింది. ఆయన పనితనం కూడా పెరిగింది, గీసిన మొగమని ఎవరూ పట్టుకోలేనంతగా. ఏ ఏటి బొమ్మను ఆ ఏడు స్టూడియో ముందు అద్దాల బీరువాలో పెట్టేవాడు. ఎవరని అడిగితే, మా పాప అనేవాడు. అది అబద్ధమా? అబద్ధమని నేను ఎట్లా అనేది?

పాప ఉండి ఉంటే పంతొమ్మిదేళ్లు. ఆ ఏడు మైదుకూరు పక్క నుంచి ఒకామె తన అన్నను తోడు తెచ్చుకుని, పూలు పండ్లతో మా ఇంటికి వచ్చింది. స్టూడియోలో బొమ్మ చూశారంట. కొడుక్కి పిల్లనడగడానికి వచ్చారు.

"ఏంది వదినా, పిల్లను యాడ దాచిపెట్టినావు? మేమేం ఎత్తకపోములే. పెండ్లి చేసుకునే తోలకపోతాం" అని ఆమె నవ్వింది.

నేను మా ఆయన వైపు చూశాను. ఇప్పుడైనా చెబుతాడనుకున్నాను. ఆయన పంచె సర్దుకుని కూర్చుని, అబ్బాయి ఏం చేస్తాడని అడిగాడు. చేను ఎంతుందని అడిగాడు. నెమ్మదిగా అంతా విని, "పాప చదువుకుంటాండాది. డిగ్రీ కానీప్పా, చూస్తాం" అన్నాడు.

నేను కాఫీ ఇచ్చాను. నా బిడ్డను అడగవచ్చినవాళ్లకు నా చేత్తో కాఫీ ఇచ్చాను. ఆమె తాగి, శానా బాగుండాది, నీ కూతురికి కూడా ఇట్లా పెట్టేది నేర్పించినావు కదా అంది. నేర్పించానని తలూపాను. వాళ్లు పోయాక, మంచి మనుషులు కదా అన్నాడాయన. ఆయనకు పిచ్చి లేదు. అంగడి పని, మనుషులతో మాట, అంతా సరిగ్గానే ఉండేది. ఆ ఒక్కచోట దారి తప్పాడు. నన్ను తీసుకుపోకుండా ఒక్కడే పోయాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద? ఆయన మీద అని ఇన్నేళ్లు చెప్పుకున్నాను. కాదు. పాప మీద. చచ్చిపోయి కూడా నా మొగుణ్ని నాకు కాకుండా చేసిందని. కన్నతల్లి అనుకోవలసిన మాటా ఇది? అనుకున్నాను. రాయి అమ్మీ, అట్లే రాయి.

అప్పటికి కంప్యూటర్లో చూసే కెమెరాలు వచ్చాయి. పాత ఫిలిములు ఎవరికీ పనికిరాకుండా పోయాయి. వాటిని కాల్చి వెండి తీసేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. పెళ్లిళ్ల ఫిలిములన్నీ మూటగట్టి వాళ్లకు వేసెయ్యమని తమ్ముడికి చెప్పి, ఆయన పులివెందులలో పెళ్లి తీయడానికి పోయాడు. మరిది స్టూడియోకు వచ్చి మూట నింపాడు, నేనూ అక్కడే ఉన్నాను. కట్టడానికి తాడు లేదని అంగడికి పోయాడు. అంతే సందు. స్టూలెక్కి డబ్బా దించాను. ఒక ఫిలిం వెలుతురుకు ఎత్తి చూశాను. ఫిలింలో నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా కనిపిస్తుంది కదా. నల్లటి మొగం, తెల్లటి వెంట్రుకలు. నా బిడ్డ ముసలిదైపోయినట్టుంది. భయమేసి మొత్తం మూటలో గుమ్మరించాను. పైన పెళ్లిళ్లవి కప్పాను. ఖాళీ డబ్బాకు మూత పెట్టి అటక మీద ఎక్కడిదక్కడ పెట్టాను. చదువు లేకపోయినా అంత తెలివి ఎక్కడి నుంచి వచ్చిందో.

పాప పుట్టినరోజుకు ఆయన డబ్బా దించాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి తమ్ముణ్ని పిలిపించాడు.

"మూట కట్టింది ఎవురు?"

"నేనే అన్నా."

"అటక మీద డబ్బా ముట్టుకున్నావా?"

"నీ పాప నా ఒళ్లో పోయిందన్నా. నేనెట్ల ముట్టుకుంటా?"

అని వాడు నా వైపు చూశాడు. ఒక్కసారే. తాడు కోసం పోయినప్పుడు స్టూడియోలో ఎవరున్నారో వాడికి తెలుసు. నేను కొంగు నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. వాడు తల దించుకున్నాడు.

"తెలీకుండా పడిపోయిందేమో. నాదే తప్పన్నా" అన్నాడు.

"బొమ్మలన్నీ నా చేతి గీతల్రా. దాని మొగం ఆ ఫిలింలోనే ఉండింది. ఇంక నా గడప తొక్కొద్దు" అన్నాడు మా ఆయన.

నేనే అని ఒక్క మాట. అది చాలు. నా నోరు లేవలేదు. నాలుగు రోజులకు కోపం చల్లారుతుందిలే, అప్పుడు చెబుదాంలే అనుకున్నాను. చల్లారలేదు. కోపమైతే చల్లారేదేమో, అది దుఃఖం. ఆలస్యమయ్యేకొద్దీ చెప్పవలసినవి రెండయ్యాయి, చేసింది ఒకటి, దాచింది ఒకటి. ఆయన వెళ్లగొడతాడని భయపడ్డానా? వెళ్లగొట్టే మనిషి కాదు. నా వైపు చూడటం మానేస్తాడని భయం. అంత బాగా చూసే మనిషి చూడటం మానేస్తే నేను ఏమైపోయేదాన్ని?

నా మరిది జమ్మలమడుగు పోయి చిన్న అంగడి పెట్టుకున్నాడు. జిరాక్సులు, పాస్‌పోర్టు ఫోటోలు. మా ఆయన బొమ్మ గీయడం మానేశాడు. బీరువాలోని ఓణీ బొమ్మ ఎండకు వెలిసిపోయింది, తీయలేదు. ఆదివారాలు మాత్రం ఒక్కడే పల్లెలకు పోయేవాడు. ఒకసారి ఒక ముసలామెకు తీయడానికి పోతుంటే నేనూ వెంట పోయాను. గుడ్డ పట్టుకునే మనిషి లేక, ఎవరింట్లోనో మంచం అడిగి తెచ్చి, నిలబెట్టి, దానికి పంచె కట్టాడు. గాలికి మంచం పడింది. లేపి కట్టాడు. మళ్లీ పడింది. నేను పట్టుకుంటా మామా అన్నాను. నీకు తెలీదులే అన్నాడు. అప్పుడు చెప్పవలసింది. అక్కడే, ఆ ముసలామె ముందరే.

ఆసుపత్రిలో ఏం చేశానో చెప్పేశాను. ఆయన పోయాక తలుపు తీసి మరిదిని లోపలికి పిలిచాను. పాడె మొయ్యనిచ్చాను. పోయిన మనిషి ఏమీ అడగడు కదా, ఇంక నాకు భయమేముంది? వాడు అన్న మొగం మీద చెయ్యి వేసి, కళ్లు సరిగ్గా మూశాడు. నన్ను ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

పాప మొగం నాకు ఇప్పుడు గుర్తు రాదు. కళ్లు మూసుకుంటే ఆయన గీసినవే వస్తాయి. ఏడేళ్లది, పదేళ్లది, ఓణీ వేసుకున్నది. నేను కన్నది రాదు.

అమ్మీ, మీ నాయన ఆ మూట కట్టినాడు గాని, ఆ డబ్బా ముట్టలేదు. నేను చేసింది ఆయన మోసినాడు. ఆయనకు తెలుసు. తెలుసని నాకూ తెలుసు. ఒకరికొకరం చెప్పుకోలేదు, అంతే. ఈ కాగితాలు తీసకపోయి ఆయనకియ్యి. మన్నించమని నేను అడగను. అడిగే మొగం నాకు లేదు, ఆయన మన్నిస్తే మోసే శక్తీ లేదు. ఆయన వచ్చినా రాకపోయినా, అనవలసిన మాట ఒకటి నా నోటి నుంచి బయటికొచ్చింది. ఇప్పుడు ఊపిరి ఆడతాంది.

ఏందమ్మీ, పెన్ను పెట్టేసినావు? నా మొగం చూడొద్దు. యాడన్నా నామీద జాలిపడి మాట మెత్తగా రాసినావేమో, అది నేను పట్టుకోవాల. మొదట్నుంచి చదువు. గట్టిగా చదువు, వింటా.