పాలు పడ్డ చోటు

నా చిన్నప్పుడు, ఎవరూ చెప్పకుండానే ఒక గోడ తుడిచాను. చెప్పించుకోకుండా మా ఇంట్లో నేను చేసిన మొదటి పని బహుశా అదే. నేను చేసిన తప్పు కూడా అదే.

అప్పటికి నాకు పదేళ్లు ఉంటాయి. జహీరాబాద్‌లో రైలు పట్టాల అవతల మా ఇల్లు. మా అక్క న్యాల్‌కల్‌లోని అత్తవారింటి నుంచి తొలి కాన్పుకు వచ్చి, కొడుకును కన్నది. ఇరవయ్యొకటో రోజున తొట్లెలో, అంటే ఉయ్యాలలో, వేసే పండుగ దాకా పిల్లవాడు నిండుగా ఉన్నాడు. ఆ తరువాత పాలు కక్కడం మొదలుపెట్టాడు. తేన్పు రాకపోతే పసిపిల్లలు కక్కుతారులే అంది అమ్మ. ఒంటిపూట బడి రోజులు. మధ్యాహ్నం అమ్మ చేనుకు పోయేది. అక్క పాలిచ్చి నడుం వాల్చాక, బాబును భుజాన వేసుకుని తేన్పు వచ్చే దాకా వీపు నిమరడం నా పని అయింది.

ఆ పని నేను సరిగా చేయలేదు. బయట గోటీల ఆట సాగుతూ ఉండేది. బాబును చాప మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి జారుకునేవాణ్ణి. ఒకరోజు గడప దాటబోతుంటే వెనక చప్పుడయింది. బాబు నోటి నుంచి పాలు పిచికారీలా చిమ్మి, చాప దాటి, ఎదుటి గోడకు కొట్టాయి. నేను తేన్పు తీయనందుకే ఇలా అయిందనుకున్నాను. అక్క లేచేలోగా తడిబట్టతో గోడ తుడిచి, “కొంచెం కక్కిండక్కా” అన్నాను.

భయపడి మరునాటి నుంచి శ్రద్ధగానే భుజాన వేసుకున్నాను. తేన్పు వచ్చేది, అయినా పాలు నా భుజం మీదుగా దూరంగా చిమ్మేవి. అంటే తప్పు నాది కాదని అప్పుడే తెలుసుకుని ఉండాల్సింది. కానీ ఒకసారి కొంచెమే అన్నవాణ్ణి, ఇప్పుడు గోడ దాకా అని ఎలా చెప్పాలి? రోజూ తుడిచాను. రాత్రిళ్లు అక్క పక్కలో వేసుకుని ఇచ్చేది కాబట్టి, చీకట్లో బట్ట తడిసినట్టు తప్ప మరేమీ తెలిసేది కాదు. పొద్దున కొంగు చాటున కక్కితే కొంగే తడిసేది.

బాబు చిక్కిపోసాగాడు. కక్కిన వెంటనే మళ్లీ ఆకలితో ఏడ్చేవాడు. నుదుటి మీద ముసలివాడిలా ముడతలు పడ్డాయి. చూడవచ్చిన అక్క అత్తగారు ఇత్తడి గిన్నెలో అక్క చేత నాలుగు చుక్కల పాలు పిండించి, అందులో చీమను వేసింది. చీమ కాసేపు కాళ్లు కొట్టుకుని ఆగిపోయింది.

“చూసిన్రా? చీమనే సచ్చింది. గీ పాలు తాగి పోరడు ఎట్ల బతుకుతడు?”

ఇక మేకపాలు పట్టమని, అక్క రొమ్ము నోటికి అందించవద్దని చెప్పి వెళ్లిపోయింది. నేను పడితే బాబు మేకపాలూ చిమ్మాడు. ఆ సంగతీ నేను తుడిచేశాను. అక్క మూల కూర్చుని తన పాలు పిండి పారబోసుకునేది. బిడ్డను తానే చంపుకుంటున్నానని ఏడ్చేది. ఆ ఏడుపు వింటూ కూడా నేను నోరు విప్పలేదు. ఇన్నేళ్ల తరువాత కూడా నన్ను నేను క్షమించుకోలేనిది ఆ నిశ్శబ్దానికే.

తాయెత్తు కట్టించమని న్యాల్‌కల్ నుంచి కబురు వచ్చిన రోజున మా అమ్మ కొంగు బిగించింది. “తాయెత్తు తర్వాత కడ్తం. నేనైతే దవాఖానకు తీసుకపోత. ఎవరడ్డమొస్తరో రానీ” అంది. బాబును ఎత్తుకుని, అక్కను, నన్ను వెంటబెట్టుకుని నడిచింది.

దవాఖానలో జనం కిక్కిరిసి ఉన్నారు. డాక్టరమ్మ వయసు మళ్లిన మనిషి. బాబు పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలి, అది వెంటనే సర్దుకోకపోవడం చూసి ముఖం ముడిచింది.

“పాలు కక్కుతుండమ్మా” అంది అమ్మ.

“పక్కకు కారుతయా? దూరం పడుతయా?”

“కారుతయమ్మా, జరంత. పగటిపూట మా చిన్నోడే చూస్తడు.”

అందరూ నా వైపు తిరిగారు. నేను అమ్మ వెనక్కి జరిగాను. డాక్టరమ్మ గద్దించలేదు. చుట్టిన తువ్వాలును బల్ల మీద పెట్టింది.

“నోటితోని చెప్పకు బిడ్డా. ఇదే మీ బాబు అనుకో. పాలు ఎక్కడ పడ్డయో ఆడికి నడువు.”

నోటితో అడిగి ఉంటే మళ్లీ అబద్ధమే ఆడేవాణ్ణి. ఒక అడుగు వేసి ఆగాను. అక్క ముఖం చూశాను. మళ్లీ కదిలి, మందుల అలమార దాకా పోయి నిలబడ్డాను.

“తేన్పు తీయలే నేను. అందుకే…” అంటూ ఏడ్చాను.

“తప్పు ఎవరిదని నేనడిగిన్నా? పాలు ఎక్కడ పడ్డయని అడిగిన” అందామె. వెంటనే అక్కను బల్ల మీద కూర్చోబెట్టి బాబుకు పాలివ్వమంది.

“నా పాలు మంచిగ లేవంట. చీమ సచ్చిందమ్మా.”

“చీమకు ఈత రాకపోతే నీ పాలదా తప్పు? మంచినీళ్లల్ల వేసినా సస్తది. ఇయ్యి.”

బాబు ఆబగా తాగుతుంటే, డాక్టరమ్మ వాడి పొట్ట మీద చేయి వేసి, బయట జనం గొడవ పడుతున్నా కదలకుండా కూర్చుంది. కొంతసేపటికి, చర్మం కింద ఒక అల ఎడమ నుంచి కుడికి మెల్లగా పాకింది. మేమంతా చూశాం. ఆమె అక్క వేలు పట్టుకుని బాబు పక్కటెముకల కింద, కుడివైపు ఆనించింది. “తగిలిందా? రేగు గింజ లెక్క గట్టిగ. అన్నం సంచి కింది మూతి అది. బిగుసుకపోయింది. పాలు కిందికి దిగనియ్యదు, మీదికి తంతది. నీ పాలు బంగారం. తోవనే ఇరుకు.”

అక్క వేలు తీయలేదు. చాలాసేపు అక్కడే ఉంచుకుంది.

ముందు ఒంట్లో నీరు నిలపాలని సెలైన్ పెట్టారు. పిల్లవాడు కాస్త తేరుకున్నాక, చీటీ రాసి హైదరాబాద్ పంపారు. అక్కడ చిన్న కోత కోసి ఆ బిగువు వదిలించారు. ఇంకా ఆలస్యమైతే దక్కేవాడు కాదని చెప్పారట. ఆ మాట, వాళ్ల వెంట వెళ్లిన నాయన ఇంటికొచ్చి అమ్మతో అంటుంటే విన్నాను. ఆ ఆలస్యం నాది.

బాబు తిరిగి వచ్చి తాగిన పాలు నిలుపుకుంటున్నాడు. అయినా న్యాల్‌కల్‌లో మాత్రం, పట్నం సూదులు బతికించాయి గాని కోడలి పాలు విషమేనన్న మాట పోలేదు. అక్క అత్తవారింటికి పోవడానికి భయపడుతోంది. ఒక ఉదయం బడికని బయలుదేరి, సంచితోనే న్యాల్‌కల్ బస్సెక్కాను.

అక్క అత్తగారు అరుగు మీద ఇరుగుపొరుగు ఆడవాళ్లతో కలిసి కందులు చెరుగుతోంది. ఆగితే మళ్లీ నోరు రాదని, నిలబడే చెప్పేశాను. గోడ సంగతి, మేకపాలు కూడా చిమ్మిన సంగతి, గింజ సంగతి.

“గప్పుడెందుకు చెప్పలేదుర?”

“తంతరని, అత్తమ్మా.”

“గిప్పుడు తన్నరా?”

“తన్నుండ్రి. గని అక్క పాలు మంచియే.”

ఒకామె కిసుక్కున నవ్వింది. అత్తమ్మ నవ్వలేదు, కొట్టలేదు. చేట పక్కన పెట్టి, నాకు జొన్నరొట్టె పెట్టి, నేను తినేలోగా చీర మార్చుకొచ్చింది. నాతోపాటే తిరుగు బస్సెక్కింది.

మా ఇంట్లో అడుగుపెట్టి, క్షమించమని ఆమె అనలేదు. ఆ తరం అత్తలకు ఆ మాట తెలియదు. ఏడుస్తున్న మనవణ్ణి ఎత్తుకుని అక్క ఒడిలో పెట్టి, “పాలియ్యి. ఆకలిగొన్నడు” అంది. అక్క కొంగు కప్పుకుంటూ నా వైపు చూసింది. “ఇప్పుడొచ్చిందారా నీకు నోరు?” అంది.

ఆ తరువాత అబద్ధమే ఆడలేదని చెప్పను. ఆడాను. కానీ నా అబద్ధం బరువు ఇంకొకరు మోస్తున్నారని తెలిసిన రోజున మాత్రం ఇంట్లో కూర్చోలేకపోయాను. ఎంత ఆలస్యమైనా, ఎంత సిగ్గనిపించినా, లేచి వాళ్ల గుమ్మం దాకా వెళ్లాను.