ధార సన్నం చేస్తే

ఈ ఉదయం మా ఇంట్లో గీజరు వేసి కుళాయి కింద చేయి పెట్టాను. ముందు చన్నీళ్లు, తర్వాత గోరువెచ్చన, ఆ తర్వాత ఒక్కసారిగా చురుక్కుమంది. చేయి లాక్కుంటుంటే సన్యాసయ్య గుర్తొచ్చాడు.

ద్వారకా నగర్‌లో నేను గీజర్లు అమ్మే కొట్లో ఆయన వాటిని బిగించే మనిషి. నేను చేరిన వారంలోనే ఒక ఇంటికి తీసుకెళ్లి, ట్యాంకు లేని చిన్న గీజరు కింద నా చేయి పెట్టించాడు. ధార నిండుగా వదిలితే నీళ్లు నులివెచ్చగానే ఉన్నాయి. సన్నం చేస్తే కాలాయి. "దీనికి నీల్లు దాసుకునే కడుపు నేదు బాబూ. దార సన్నం సేసేవంటే ఉన్న వేడంతా ఆ కాసిని నీల్లకే ఎక్కేత్తాది" అన్నాడు. డిగ్రీల లెక్క తెలియని మనిషి, ధారను చూసే వేడి ఎంతో చెప్పేవాడు. చేయి పెడితే సరిగ్గా అంతే ఉండేది. నేను నోరు తెరుచుకుని చూసేవాణ్ణి.

ఏ ఇంటికెళ్లినా ఆ యంత్రం ఏం చేయలేదో ముందు చెప్పేవాడు. చలికాలం బకెట్టు నిండా వేడినీళ్లు రావని, పాత వైరు దాన్ని మోయలేదని. కొందరు గీజరు వెనక్కి పంపేసేవారు. నాకు ఒళ్లు మండేది. బిగించడం నీ పని, మాట్లాడటం నా పని అని ఒకసారి కసిరాను కూడా.

ఒకరోజు కంచరపాలెం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కూతురు పురుడు పోసుకుని ఇంట్లో ఉంది, పసిదానికి నీళ్లు పోయడానికి ఈ చిన్నది పనికొస్తుందా అని అడిగింది. భేషుగ్గా అన్నాను. సన్యాసయ్య రాని రోజు చూసి వేరొకరిచేత బిగింపించాను.

నాలుగో రోజు కబురొచ్చింది. ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చుని, లేత ఒంటికి మెత్తగా పడాలని కుళాయికి తగిలించిన గొట్టంలో ధార సన్నం చేసింది. బిడ్డను అందుకునే ముందు, అలవాటు ప్రకారం, తన కాలి మీద పోసుకుని చూసింది. మోకాలి నుంచి మడమ దాకా బొబ్బలెక్కింది. బిడ్డ అప్పటికింకా తల్లి చేతుల్లోనే ఉంది.

నేనూ సన్యాసయ్యా వెళ్లాం. కట్టు కట్టిన కాలు చాపుకునే ఆవిడ నన్ను అడిగింది. "సన్నం సేత్తే కాల్తాదని నీకు తెలీదేటి బాబూ?"

తెలీదన్నాను.

సన్యాసయ్య నా వైపు చూడలేదు. "ఆ బాబుకి నాను సెప్పలేదమ్మా. తప్పు నాది" అన్నాడు. ఆవిడ తిట్టినంతసేపూ తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత గీజరు విప్పి, భుజాన వేసుకుని బయటికి నడిచాడు. అంత పెద్ద మనసు పక్కన నడవడానికి నాకు భయమేసింది.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఏ గీజరు చూపించినా అది ఏం చేయలేదో ముందు నేనే చెబుతాను. నిజాయితీ గలవాడని జనం మెచ్చుకుంటారు. నేను నేర్చుకున్నది ఎవరి దగ్గరో చెబుతాను గానీ, ఎలా నేర్చుకున్నానో ఎవరికీ చెప్పలేదు. కంచరపాలెంలో ఆ ఇంట్లో తప్పు చేసినవాడు ఇప్పటికీ సన్యాసయ్యే.