లాంతరు సొరల కాపురం

మా మ్యూజియంలో చేపల గది గైడును అందరం బాకా అంటాం. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు, మాటకు అడ్డూ అదుపూ ఉండదు. ఆయనకు పేరు తెచ్చినవి సీసాల్లో ఉన్న రెండు నల్లటి సొరచేపలు. మూరెడు కూడా ఉండవు. వెలుతురు చొరని లోతుల్లో బతికే రకం. బతికున్నప్పుడు పొట్ట కింద మినుకుమినుకుమంటాయి కాబట్టి లాంతరు సొరలంటారు. సీసాలోకొచ్చాక ఆ మెరుపేమీ ఉండదు. చూసే పిల్లలకు ఆవలింతలు రాకూడదని బాకా వాటికి పెళ్లి చేసేశాడు.

"ఈ పెద్దది మొగుడు, ఆ చిన్నది పెళ్లాం. కరెంటు బిల్లు గొడవ లేని కాపురం!"

పిల్లలు పగలబడి నవ్వేవారు.

ఈమధ్య ఆయన మేనకోడలు పై అంతస్తులో పరిశోధకురాలిగా చేరింది. చిన్నప్పుడు ఆమెను ఆ గదికి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది ఆయనే. కనిపించినవాళ్లందరికీ "మా పిల్ల" అని చెప్పుకుని మురిసిపోయాడు. ఆమె పని కూడా ఆ రెండు సొరలనూ పోల్చి చూడటమే. ఒక మధ్యాహ్నం ఆయన్ని పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది.

"మామయ్యా, అవి మొగుడూ పెళ్లాలు కావు. రెండూ ఆడవే. జాతులే వేరు. పెద్దదాని చర్మం మీద గరుకు పలుకులు వరసగా ఉంటాయి, చిన్నదానికి చెదురుమదురుగా ఉంటాయి. పొట్ట పక్కన ఇంకా నల్లగా ఉండే మచ్చ కూడా పెద్దదానికి పొడుగు, చిన్నదానికి పొట్టి. దగ్గరి చుట్టాలు, అంతే."

"నువ్వు నాకు చెప్పేదానివయ్యావా?" అన్నాడు నవ్వుతూనే. లోపల మాత్రం చురుక్కుమంది. అక్కడితో మానేస్తే పోయేది. మొండితనం, ఏం చేస్తాం!

మర్నాడు బడి పిల్లలు వచ్చారు. బాకా మళ్లీ అదే కాపురం మొదలుపెట్టాడు. నవ్వులు ఊపు మీదున్నప్పుడు తలుపు దగ్గర మేనకోడలు కనిపించింది. నోటిదాకా వచ్చిన మాట మింగలేక పూర్తి చేశాడు. ముందు వరసలోని పాప ఆమె తెల్లకోటు చూసి అటు తిరిగింది.

"అక్కా, మీరు సైంటిస్టా? ఇవి నిజంగా మొగుడూ పెళ్లాలేనా?"

ఆమె మామయ్య ముఖం చూసింది. చెమట పట్టి చిన్నబోయి ఉంది.

"అవునమ్మా. మామయ్య చెప్పింది కరెక్టే," అంది.

పిల్లలు వెళ్లిపోయారు. బాకాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తిట్టినా బాగుండేది, పదిమందిలో పరువు తీసినా బాగుండేది. తన చదువు గురించి ఒక్క మాట కూడా అటూ ఇటూ కానివ్వని పిల్ల, ఈ మామయ్య కోసం అబద్ధమాడింది. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు.

"అమ్మడూ..." అన్నాడు.

ఆమె సీసా మీది వేలిముద్రలు తుడుస్తూ, ఆయన వైపు చూడకుండానే అంది.

"ఇంకెప్పుడూ నాచేత అలా చెప్పించకు మామయ్యా."