శేషయ్య గారి పరువు కోసం తీసిన ఫిల్టర్

రిటైరయ్యే ముందటి ఏడు, వానలు మొదలయ్యాక, నన్ను ఖమ్మం నుంచి భద్రాచలానికి సబ్ డివిజనల్ ఇంజనీరుగా పంపారు. మా ప్రభుత్వ నెట్‌వర్క్‌కు కలిసిన ప్రైవేటు నెట్‌వర్క్‌లు ఏ దారులు ప్రకటించవచ్చో చూడటం నా పని.

రెండు నెట్‌వర్క్‌లు కలిసినచోట ఒక రౌటర్ ఇంకోదానికి ‘ఈ చిరునామాలకు నా మీదుగా పోవచ్చు’ అని చెబుతుంది. అవతలిది నిజమా అని అడగదు, నమ్మేస్తుంది. అంతటి అమాయకత్వం నేను ఎన్నికల సభల్లోనే చూశాను. అందుకే మధ్యలో ఫిల్టర్ పెడతాం. పొరుగువాడు తన సొంత చిరునామాలు చెబితే తీసుకుంటుంది, మిగతావి పారేస్తుంది.

బూర్గంపాడులో కేబుల్ ఇంటర్నెట్ నడిపే శేషయ్యకు ఇది పరువు మీద దెబ్బగా తోచింది. మా పై అధికారి డివిజనల్ ఇంజనీరు (డీఈ) గదికొచ్చి, వేసిన కుర్చీలో కూర్చోకుండా అడిగాడు: “ఏంది సార్ గిది? మేమేమన్న దొంగలమా, గేటు కాడ తనిఖీ పెట్టిన్రు?” మా ఆఫీసు ఫంక్షన్లకు టెంటు, మైకు శేషయ్యవే. పెద్దమనిషిని అనుమానించడం బాగుండదు, తీసేయమన్నారు డీఈ గారు. రాసివ్వమన్నాను. మర్యాదలకు రాతలెందుకని నవ్వారు. ఆయన హోదా పెద్దది కాబట్టి ఫిల్టర్ పోయింది, స్వీట్లు వచ్చాయి.

స్వీట్లు అరక్కముందే దమ్మపేట ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది. గుండెనొప్పితో వచ్చిన ఒక ముసలమ్మ ఈసీజీ ఖమ్మం ఆసుపత్రి సర్వర్‌కు చేరడం లేదు. అక్కడి గుండె డాక్టరు దాన్ని చూసి చెబితేగానీ గుండెలో రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ ఇవ్వరు. “జల్దీ చూడున్రి సార్, ఆమె ఆగేటట్టు లేదు,” అంది. వెంటనే మా రౌటర్‌లో దారుల పట్టిక తెరిచాను.

చూస్తే, ఖమ్మం పోవాల్సిన ఈసీజీలన్నీ బూర్గంపాడు పోతున్నాయి. శేషయ్య కొత్త రౌటర్ కొన్నాడని తర్వాత తెలిసింది. పరీక్ష కోసం ఆసుపత్రి సర్వర్‌కు ఉత్తుత్తి దారి ఒకటి అందులో రాసి, తెలిసిన దారులన్నీ ప్రకటించమని దానికి చెప్పి, తలుపేసుకుని వెళ్లిపోయాడు. మొత్తం ఆసుపత్రికి దారి చెప్పేవాడికంటే, సరిగ్గా ఆ ఒక్క సర్వర్‌కే దారి చెప్పేవాడి మాటకు ఏ రౌటరైనా మొగ్గుతుంది. మాదీ మొగ్గింది, మా ఆఫీసు మర్యాద దానికీ అబ్బినట్టుంది.

శేషయ్య నెట్‌వర్క్‌తో లంకె తెంపేస్తానని డీఈ గారికి ఫోన్ చేశాను. శేషయ్యకు ఒక మాట చెప్పి తెంపమన్నారు. శేషయ్య ఫోన్ ఎత్తలేదు. చెప్పకుండానే తెంపాను. బూర్గంపాడులో నెట్ మీద నడిచే టీవీలూ ఫోన్లూ మూగబోయాయి, ఈసీజీ ఖమ్మం చేరింది, ఇంజక్షన్ పడింది.

సాయంత్రం శేషయ్యే ఫోన్ చేశాడు. తిట్లకు సిద్ధపడి ఎత్తాను. దమ్మపేట నుంచే మాట్లాడుతున్నాడు. ఆ ముసలమ్మ శేషయ్య తల్లే, అక్కడ కూతురింట్లో ఉంటోంది. కబురందగానే బండి మీద బయల్దేరాడు కాబట్టి ఫోన్ ఎత్తలేదు. “అమ్మ కండ్లు తెరిచింది సార్. గా ఫిల్టర్ మళ్ల పెట్టున్రి. మా మీద గట్టిగనే పెట్టున్రి,” అన్నాడు.

మర్నాడు డీఈ గారు ఫిల్టర్ పెట్టమని రాతపూర్వకంగానే ఇచ్చారు, ఆ ఆలోచన మొదటి నుంచీ తనదే అన్నట్టు.

పొరుగు నెట్‌వర్క్ యజమానికి కుర్చీ వేయాలి, టీ ఇవ్వాలి, ఆయన రౌటర్ చెప్పేది మాత్రం సరిచూడాలి. ఇది నాకు ముందే తెలుసు. కొత్తగా తెలిసింది ఒకటే: ఆ రోజు ఆ మంచం మీద ఉన్నది ఇంకెవరి తల్లైనా అయి ఉంటే, ఆ ఫిల్టర్ ఇప్పటికీ శేషయ్య గారికి జరిగిన అవమానంగానే ఉండేది.